సముద్రమునకు కంచె: కాపలా ఎవరిది?
(పఠన మందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాస పాఠము)



సముద్రమున కొంత మేరను వేటకు నిషిద్ధమని విడిచినయెడల, పెద్ద వర్తక నౌకల వలలనుండి మత్స్యసంపద దక్కునా అనునది నేటి ప్రశ్న. దక్కునని కొందరనుచున్నారు. సముద్రమునకు గట్లు లేవు, చేపకు సరిహద్దు తెలియదు, కావున ఇది వట్టి భ్రమ యని మరికొందరనుచున్నారు. వాదముకంటె సాక్ష్యము ముఖ్యము. ఆ సాక్ష్యమునే మీ యెదుట నుంచెదను.

మొదట ఇందలి సూత్రము. ఎంత కరవు వచ్చినను రైతు విత్తనపు గింజలు తినడు. సముద్రమున విత్తనమనగా పెద్ద చేప. రెడ్ స్నాపర్ అను జాతిలో 61 సెంటీమీటర్ల చేప యొక్కటి, 42 సెంటీమీటర్ల చేపలు 212 కలిసి పెట్టునన్ని గ్రుడ్లు పెట్టునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. వేట మిక్కుటమైనచోట ఇట్టి పెద్దవే ముందుగా మాయమగును. నిషిద్ధ ప్రదేశమున నవి బ్రదికి ముదురును. వాని పిల్లలు ప్రవాహమున వెలుపలికి పోవును. లోపల ఇరుకైన చేపలు గీత దాటి వలలలో పడును. అసలు నిలుచును, వడ్డీ వేటగానికి ముట్టును.

ఇది జరిగినదా? ఫిలిప్పీను దేశమున సుమిలాన్ అను చిన్న దీవి కలదు. 1974లో ఆంజెల్ అల్కాలా మొదలగు సిలిమాన్ విశ్వవిద్యాలయ పండితుల పూనికపై, అచటి పగడపు దిబ్బలలో సుమారు నాలుగవ పాలు వేటకు మూయబడెను. పదేండ్లు కాపలా సాగెను. 1984లో కాపలా చెడెను. పడవలు లోపలికి చొరబడెను. వేటాడు మేర పెరిగినను, దీవి చుట్టు దొరకు చేప దాదాపు సగమునకు పడిపోయెను. కంచె యున్ననాటి లాభమును కంచె విరిగిననాడే లోకము స్పష్టముగా తెలిసికొన్నది. సమీపముననే యున్న ఆపో దీవిలోనో, 1982 ప్రాంతమున పల్లెవారే గీత గీసికొని, తామే కావలి కాసిరి. అచట చేప ఏటేట పెరుగుచు వచ్చెను.

ఇవి చిన్న పడవల కథలు, మహానౌకల మాట యేమందురేని వినుడు. హవాయి దీవుల వాయవ్యమున నున్న రక్షిత సముద్రమును 2016లో అమెరికా ప్రభుత్వము సుమారు 15 లక్షల చదరపు కిలోమీటర్లకు విస్తరింపజేసెను. దూరము తిరుగు ట్యూనా చేపకు కంచె పనికిరాదని అంతవరకు పలువురి నమ్మకము. 2022లో వెలువడిన పరిశోధన ప్రకారము, సరిహద్దు చేరువను గాలములకు పడు పసుపు రెక్కల ట్యూనా 54 శాతము హెచ్చెను.

ఇక ప్రతిపక్షపు సాక్ష్యము. ఐరోపాలో 727 రక్షిత సముద్ర ప్రదేశములను పరీక్షించి 2018లో ప్రకటించిన లెక్క చూడుడు. వానిలో 59 శాతమునందు ట్రాలర్లు యథేచ్ఛగా తిరుగుచుండెను. వెలుపలికంటె లోపలనే ఆ వేట 1.4 రెట్లు అధికము! కంచెయే చేను మేయుట యిదియే గదా. డిక్రీ పొందినంతనే భూమి చేతికి రాదు, అమలు జరుగవలయును. పటములోని గీతయు నట్టిదే.

గీత యొకటే చాలదనుటకు మరియొక హేతువు కలదు. లోపల వేట మాన్పించి, వెలుపల నౌకల సంఖ్యకు హద్దు పెట్టనిచో, అవి ప్రక్కనున్న నీటినే ఊడ్చివేయును. కెనడాలో న్యూఫౌండ్‌లాండు కాడ్ చేప, పట్టదగినదానికంటె ఏండ్ల తరబడి హెచ్చుగా పట్టుటచే నశించెను. 1992లో వేట మూసివేయగా సుమారు 30,000 మంది జీవనము పోయెను. మొత్తము వేటకు పరిమితి లేనిదే ఏ కంచెయు కాపాడజాలదు.

మూడవది న్యాయము. 1986లో మన్నారు సింధుశాఖలోని 21 దీవులు జాతీయ వనమయ్యెను. తరతరములుగా అచట సముద్రపు నాచు ఏరుకొని బ్రదుకు బీద స్త్రీలు నేరస్థులవలె చూడబడిరి. దోచినది పెద్ద వల, శిక్ష బుట్ట పట్టినదానికి! ఇట్టి కంచెను తీరవాసులు తమదని యెట్లు తలతురు? తమది కానిదానిని ఎవరు కాతురు?

మన తీరమునకు ఈ విషయము క్రొత్తది కాదు. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు తూర్పు తీరమున మరపడవల వేట నిషిద్ధము. అది కాలమునకు వేసిన కంచె; స్థలమునకు వేయు కంచెలు ఇక రానున్నవి. 2030 నాటికి సముద్రములలో 30 శాతము రక్షింపవలయునని 2022లో మాంట్రియల్ సభలో మన దేశముతో సహా పెక్కు దేశములు అంగీకరించినవి. ఆ గీతలు ఎచట పడునో, ఎవరితో సంప్రదించి పడునో అనుదానిపైననే ఫలితమంతయు ఆధారపడియున్నది.

కావున నా నిర్ణయమిది. సముద్ర రక్షిత ప్రదేశములు మత్స్యసంపదను కాపాడగలవు. కాని అమలు ముందు పెద్ద నౌకపై జరుగవలయును, మొత్తము వేటకు హద్దుండవలయును, గీత గీయునపుడు పల్లెకారుల మాట చెల్లవలయును. ఇందు చదువరులకొక పని కలదు. అట్టి ప్రకటన గెజెట్టులో వెలువడిననాడు, దానిని మన బల్లమీదనే విడువక బెస్తపాలెమునకు గొనిపోయి చదివి వినిపింపుడు. వారి అభ్యంతరములను గడువులోపల వ్రాసి పంపుటకు తోడ్పడుడు. వ్రాత చేతగాని కారణమున వారి సముద్రము వారికి కాకుండ పోరాదు.