మెచ్చుకున్నా మళ్లీ చూడలేని సినిమా

బి. నర్సింగరావు ‘దాసి’ గొప్ప సినిమా, అందులో అనుమానం లేదు. 1988 సంవత్సరానికి అయిదు జాతీయ పురస్కారాలు గెలిచింది: ఉత్తమ తెలుగు చిత్రం, నటి అర్చన, ఛాయాగ్రహణం, కళా దర్శకత్వం, దుస్తులు. దొరల నివాసమైన గడీని కళ్లకు కట్టించిన కళా దర్శకుడు చిత్రకారుడు తోట వైకుంఠం.

అయినా రెండోసారి చూడమంటే చాలామందికి మనసొప్పదు.

కథ 1920ల నాటి తెలంగాణ గడీలోది. దాసి కమలాక్షి పొద్దంతా చాకిరీ చేయాలి, రాత్రి దొర పిలిస్తే పోవాలి. గర్భం వస్తే అదీ ఉంచనివ్వరు. కెమెరా ఎక్కడా తొందరపడదు. ఆ బరువంతా చూసేవాళ్ల గుండె మీదే పడుతుంది.

సినిమాలోని ఈ గోస తెలంగాణలోని తుంగతుర్తి లాంటి చోట్లకు పరాయిది కాదు. దొరల పెత్తనంపై తుపాకీ పట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం తుంగతుర్తి గడ్డవాళ్లే.

నర్సింగరావు నిర్మాతగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో ‘దాసి’ కంటే ముందే వచ్చిన ‘మా భూమి’లో జనం అలాగే తిరగబడతారు. అందుకే దాన్ని ఎన్నిసార్లయినా చూడొచ్చు. ‘దాసి’లో ఆ ఊరట లేదు. కమలాక్షి చేతికి ఆయుధం ఇవ్వడం దర్శకుడికి తేలికే. ఇవ్వకపోవడమే ఆయన నిజాయితీ, చూసేవాళ్లకు అదే కష్టం.