గున్నమ్మ ఏ జాబితాలో?
(పాతపట్నం మహిళా సభలో చేసిన ప్రసంగం)

మన జిల్లా ప్రముఖులెవరంటే చిన్నప్పుడు నేనూ గిడుగు రామమూర్తిగారి పేరే చెప్పేదాన్ని. పక్కనున్న పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాషకు నిఘంటువు రాసిన మహానుభావుడు, కాదనను. మరి సాసుమాన గున్నమ్మ?

1940లో మందస జమీందారీ అడవిలో కలప కొట్టారని గుడారి రాజమణిపురం రైతుల్ని పోలీసులు పట్టుకుపోతుంటే ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. ముందు నిలిచింది ఆమే. నిండు గర్భిణి. మరికొందరు రైతులతోపాటు తుపాకీకి బలైంది. మనవాళ్ళు పేరుకు ముందు 'వీర' అని చేర్చి ఊరుకున్నారు. ఆమె ప్రాణం పోయింది అడవి మీద హక్కు కోసం.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. మీ ఇళ్ళలో పట్టాలు తీసి చూడండి, మీ పేరుందో లేదో. లేకపోతే వచ్చే సభకు ఆ కాగితాలు పట్టుకురండి.