అతుకు వేసిన చేతికి పేరేది?

(వరంగల్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పారేసిన వస్తువులతో మేం చేసే బొమ్మల గురించి, మరమ్మతుల గురించి మాట్లాడమన్నప్పుడు మొదట వెనకాడాను. హింస గురించి, కూలిరేట్ల గురించి, భూమి హక్కు గురించి మాట్లాడుకునే చోట బొమ్మల ముచ్చటేమిటి అనిపించింది. కానీ నాలుగేళ్ళ క్రితం మా సంఘంలో ఒకామె నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది. ఆ ప్రశ్నను మీ ముందు పెట్టడానికే ఒప్పుకున్నాను.

మా బస్తీలో శనివారం సాయంత్రాలు పది పన్నెండు మందిమి కూర్చుంటాం. చిత్తు కాగితాలు, సీసాలు ఏరి అమ్ముకునేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు. పొదుపు లెక్కలు చూసుకోవడానికి మొదలైన కూడిక అది. లెక్కలు నడుస్తున్నా చేతులు ఊరుకోవు కదా! ఒకరు చిరిగిన లంగాకు మాసిక వేసుకునేవారు. ఒకరు గొడుగు పుల్లను తీగతో బిగించేవారు. మిగిలిన ముక్కలతో బొమ్మలు మొదలయ్యాయి. సైకిల్ చెయిన్ ముక్కతో జెర్రి, సోడా మూతలతో తాబేలు, తెగిన రబ్బరు చెప్పుతో కప్ప, కరెంటు తీగతో కొంగ.

ఆ కొంగ దగ్గర వాదన వచ్చింది. నిలబడ్డప్పుడు దాని మెడ ఎటు వంగుతుంది? మోకాలు ముందుకా, వెనక్కా? చదువుకున్న నాకు తెలియలేదు. చిత్తు కాగితాలు ఏరే చెల్లె చెప్పింది. ఆమె తెల్లవారకముందే సంచి పట్టుకుని బయల్దేరుతుంది. మోరీల పక్కన, చెరువు కట్ట మీద కొంగలను రోజూ చూస్తుంది. తీగను రెండు వంపులు తిప్పింది, కొంగ నిలబడింది.

గిజిగాడి గూడు సంగతి కూడా ఆమే చెప్పింది. వానాకాలంలో తాటిమట్టలకు వేలాడే ఆ గూడును అల్లేది మగపిట్ట. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూసుకుంటుంది. నచ్చకపోతే ఆ గూడు అట్లాగే మిగిలిపోతుంది. ఈ మాట విని ఆ రోజు మేమంతా ఎంత నవ్వుకున్నామో! "మన పెండ్లిళ్ళప్పుడు ఎవరన్న ఇల్లు జూపిచ్చిన్రా?" అన్నది ఒక అవ్వ.

ఇట్లా చూడడం మనకు కొత్త కాదు. బతుకమ్మనే తీసుకోండి. గునుగు చేలల్లో రైతు పీకి పారేసే కలుపు. తంగేడు బీళ్ళలో దానంతట అదే పెరిగేది. ఏ గట్టు మీద ఏ పువ్వు ఎప్పుడు పూస్తుందో తెలిసిన ఆడవాళ్ళు వాటిని కోసుకొచ్చి, వరుసల మీద వరుసలు పేర్చి గోపురంలా నిలబెడతారు. కిందకు ఏ ఆకు పరిస్తే జారదో వాళ్ళకు తెలుసు. గడ్డిమందు కొట్టిన చేలల్లో గునుగు కనపడడం లేదని మా ఊళ్ళో మొదట గుర్తుపట్టింది కూడా పువ్వుకు పోయిన ఆడవాళ్ళే. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఆ చేతుల్లోని తెలివిని మాత్రం ఎవరూ తెలివి అనరు, ఆచారం అంటారు.

బొంత సంగతీ అంతే. మా అమ్మ పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, చేతికుట్టుతో బొంత కుట్టేది. ఒక్కో బొంతకు ఎన్ని మధ్యాహ్నాలు పట్టేదో! మా ఇంట్లో దాన్ని ఎన్నడూ పని అనలేదు. "ఖాళీగున్నప్పుడు కుడుతది" అనేవారు.

2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వే చూడండి. ఇంట్లో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88. బట్టలు బాగుచేసుకోవడం కూడా ఆ ఇంటిపనిలోనే వస్తుంది. మరి ఖాళీ ఎక్కడిది?

ఇక ఆ ప్రశ్న దగ్గరకు వస్తాను. ఒకసారి మా బొమ్మలను, బొంతలను ప్రదర్శనకు పెట్టాం. అట్టముక్క మీద నేనే రాశాను, "మా సంఘం మహిళలు చేసినవి" అని. కింద వివరాలకు నా పేరు, ఫోన్ నంబరు. వచ్చినవాళ్ళు నన్నే మెచ్చుకున్నారు, ఫోటోలో నన్నే నిలబెట్టారు. మర్నాటి శనివారం ఆ చెల్లె అడిగింది:

"అక్కా, కొంగను జూసింది నేను, జేసింది నేను. పేరు నీదెట్లొచ్చింది?"

సంఘం పేరు అందరిదీ కదా అన్నాను.

"గట్లయితే నీ పేరెందుకున్నది?"

నా దగ్గర జవాబు లేదు. మగవాళ్ళు మన శ్రమను కనపడకుండా చేస్తున్నారని ఎన్ని సభల్లో చెప్పానో! నేను చేసింది కూడా అదే.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసలుగా బతికినవాళ్ళ వారసులైన నల్లజాతి స్త్రీలు అక్కడ అరిగిపోయిన పనిబట్టలతో మన బొంతల వంటివే కుట్టుకున్నారు. 2002లో వాటిని హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియంల గోడలకు కట్టారు. 2006లో తపాలా బిళ్ళలు వచ్చాయి. 2007లో వాళ్ళలో కొందరు తమకు రావలసింది రాలేదని కోర్టుకు వెళ్ళారు. 2008లో ఆ వివాదం రాజీతో ముగిసింది. చూశారా, మెచ్చుకోలు వచ్చినంత తేలిగ్గా హక్కు రాదు.

మన దగ్గరా అంతే. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. మరి మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టిన ఆడమనిషికి ఏ గుర్తింపు ఉంది? 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెత్త ఏరుకునేవాళ్ళను గుర్తించాలని, వాళ్ళను నమోదు చేసి వ్యవస్థలో కలుపుకోవాలని చెప్పాయి. మా కూడికలో చెత్త ఏరే ఐదుగురిని అడిగాను. గుర్తింపు కార్డు ఒక్కరి దగ్గరా లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పాతవాటితో సర్దుకోవడం ఎంత గొప్పో అని మనం పేదరికానికి దండలు వేయకూడదు. తెగిన చెప్పుతో కప్పను చేయడం ఆమె ఇష్టం. తెగిన చెప్పుతోనే నడవడం ఆమె ఇష్టం కాదు. అట్లాగే పురుగుమందు డబ్బాలు, పాత బ్యాటరీలు, పగిలిన ట్యూబ్‌లైట్లు మా బొమ్మల్లోకి రానివ్వం. కడిగినా సరే, పురుగుమందు డబ్బాలో నీళ్ళు పోసుకోకూడదు. రాగి కోసం తీగలు కాల్చే పొగ పిల్లల ఊపిరితిత్తులకు పోతుంది. తీగను కత్తితో ఒలవాలి.

మేం ఇప్పుడు మూడు పనులు చేస్తున్నాం. ఒకటి, ప్రతి వస్తువుకూ చేసినవాళ్ళ పేరున్న చీటీ కడుతున్నాం. పేరు వద్దంటే వాళ్ళు ఎంచుకున్న గుర్తు వేస్తున్నాం. రెండు, ఏరిన సమయం, చేసిన సమయం రెండూ పుస్తకంలో రాసి, ఆ రోజు కూలి లెక్కన ధర కడుతున్నాం. మూడు, చెత్త ఏరే అక్కచెల్లెళ్ళ నమోదు కోసం పేర్లు రాసి దరఖాస్తు పెట్టి, వెంటపడుతున్నాం. మూడోది ఇంకా తేలలేదు.

చెల్లెకు సంతకం రాదు. మొదటి చీటీ మీద ఆమె పేరును ఏడో తరగతి చదివే బిడ్డ రాసింది. ఆమె ఆ చీటీని కొంగ కాలికి కట్టి, రెండుసార్లు విప్పి మళ్ళీ గట్టిగా కట్టింది.

మీ సంఘాలకు తిరిగి వెళ్ళాక మీ నివేదికలు తీసి చూడండి. మహిళలు అని రాసిన ప్రతిచోటా ఎవరి పేరు పోయిందో వెతకండి. వచ్చే సమావేశానికి ఆ పేర్లతో రండి.