దొరకని జింక



పరీక్షిత్తు మహారాజు వేటకు వెళ్లి శమీక మహర్షిని ఏమడిగాడు? మన పల్లెల్లో ఎవర్ని కదిలించినా, "మంచినీళ్లు అడిగాడు, ముని పలకలేదు, కోపమొచ్చి చచ్చిన పామును మెడలో వేశాడు" అంటారు. అది భాగవతం చెప్పే కథ. పోతన పుణ్యమా అని మన నోళ్లలో నానింది అదే. భారతం ఆదిపర్వంలో మాత్రం రాజు అడిగింది నీళ్లు కాదు, జింకను. నేను కొట్టిన మృగం ఇటుగా వచ్చింది, నువ్వేమైనా చూశావా అని. అంతవరకూ ఆయన బాణం తిన్న మృగమేదీ ప్రాణంతో తప్పించుకుపోలేదట. ఆ రోజు ఒకటి పోయింది. అరవై ఏళ్ల మనిషి. ఆకలి, దాహం, అలసట, వాటన్నిటినీ మించి దెబ్బ వేసి కూడా పోగొట్టుకున్నానన్న ఉక్రోషం. ముని మౌనవ్రతంలో ఉన్నాడు. ఇంకేముంది, వింటికొనతో పామునెత్తి ఆయన భుజాన వేశాడు. దాని వెంట ముని కొడుకు శాపం, ఏడో రోజున తక్షకుడి కాటు, తర్వాత రాజు కొడుకు జనమేజయుడి సర్పయాగం, ఆ యాగంలో వైశంపాయనుడు భారతం వినిపించడం. అంటే ఇంత భారతమూ, దెబ్బ తిని దొరక్కుండా పోయిన ఒక్క జింక వెనకాలే నడిచి మన దాకా వచ్చింది. ఇంతకీ ఆ జింక ఏమైంది? ఆ సంగతి కథలో ఎవరికీ పట్టలేదు.

ఈ పూట మనకు ఆ జింకే కావాలి. వేట చరిత్ర అనగానే గోడలకు తగిలించిన కొమ్ములు, చచ్చిన పులి పక్కన తుపాకి పట్టుకుని దిగిన ఫొటోలు గుర్తుకొస్తాయి. కొట్టి పోగొట్టుకున్నవాటికి ఫొటోలుండవు. మన అనంతపురం మెట్టనేల మీద అలా పోయినవెన్నో లెక్క కట్టినవాళ్లూ లేరు.

ముందు ఆ జంతువు సంగతి చూద్దాం. ఇక్కడ మనం జింక అనేది కృష్ణజింకను. పాత తెలుగులో మగదాన్ని ఇర్రి అన్నారు, ఆడదాన్ని లేడి అన్నారు. మెలికలు తిరిగిన కొమ్ములు ఇర్రికే. దుప్పి, కణితి ఏటా కొమ్ములు రాల్చి కొత్తవి మొలిపించుకుంటాయి, ఇది రాల్చదు. అందుకే శాస్త్రజ్ఞులు దీన్ని జింకల కుటుంబంలో చేర్చరు, ఆవులు, మేకలు ఉన్న కుటుంబంలో వేస్తారు. ఉరవకొండ, విడపనకల్లు, వజ్రకరూరు వైపు నల్లరేగళ్లలో ఇప్పటికీ మందలు కనిపిస్తాయి. అడవి అక్కర్లేని జంతువు ఇది. చెట్టు చాటు కోరుకోదు. ఎంత దూరమైనా కనిపించే బయలే దానికి కోట. మనిషి ఫర్లాంగు దూరంలో ఉండగానే తలెత్తుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు.

ఇలాంటి జంతువును దూరం నుంచి కొట్టడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. పెద్ద ఇర్రి కూడా 40 కిలోల చుట్టుపక్కల తూగుతుంది. గుండె, ఊపిరితిత్తులు కలిపి ముంగాలి జబ్బ వెనకాల రెండు అరచేతులంత చోటులో ఉంటాయి. జంతువు అడ్డంగా నిలబడినప్పుడు దెబ్బ అక్కడ పడితే కాసేపట్లో పని అయిపోతుంది. జానెడు వెనక్కి జరిగిందా, పడేది డొక్కలో. డొక్కలో దెబ్బ తిన్న జింక వెంటనే చావదు. గంటల కొద్దీ బతుకుతుంది, కోసుల దూరం పోతుంది. ఏ వాగు ఒడ్డునో, ఏ కంపచెట్టు కిందో పడుకుని, రాత్రికి నక్కల పాలవుతుంది. కాలు విరిగిందైతే మూడు కాళ్ల మీద రోజుల తరబడి తిరుగుతుంది.

సినిమాల్లో చూపించినట్టు దెబ్బ తగలగానే అక్కడికక్కడే కూలడం అరుదు. గుండె చీలినా మెదడులో మిగిలిన ప్రాణవాయువుతో పది పదిహేను సెకన్లు ఒంట్లో సత్తువ ఉంటుంది. అంతలో అది నూరు గజాలు దాటేస్తుంది. రామబాణం మారీచుడి గుండెను చీల్చిన తర్వాత కూడా "హా సీతా, హా లక్ష్మణా" అని అరవడానికి వాడికి వ్యవధి మిగిలింది. వాల్మీకి వేటను దగ్గరగా చూసినవాడేనని నాకు అక్కడ అనిపిస్తుంది.

నేను వేటగాణ్ణి కాను. వేట మానేసిన పెద్దల మాటలు వింటూ పెరిగినవాణ్ణి. వాళ్లు కొట్టడం గురించి తక్కువ, వెతకడం గురించి ఎక్కువ చెప్పేవాళ్లు. నురగతో లేత ఎరుపు నెత్తురు కనిపిస్తే దెబ్బ ఊపిరితిత్తుల్లో పడింది, దగ్గర్లోనే దొరుకుతుంది. నల్లగా, ముదురుగా ఉంటే కార్జం, కొంత ఆగాలి. పసరు కలిసి వాసన కొడితే పొట్ట. అప్పుడు తొందరపడి తరిమితే అది మళ్లీ లేస్తుంది, ఇక దొరకదు. కూర్చోవాలి, గంటలు గంటలు కూర్చోవాలి. అదే కష్టం. దెబ్బ వేసినవాడి కాళ్లు ఊరుకోవు కదా. పైగా రేగడి దాటితే మన నేల గరపనేల, రాళ్లనేల. ఎర్రటి గులకరాళ్ల మీద ఎర్రటి చుక్క ఏం కనబడుతుంది? బోర్లపడిన రాయి, వంగిన బోదగడ్డి, చీమలు చేరిన చోటు, ఇవే గుర్తులు.

ఇప్పుడు కాలంలో బాగా వెనక్కి పోదాం. గుత్తికి దగ్గరలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. ఆయన పద్నాలుగు శిలాశాసనాలూ అక్కడ దొరికాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు మాట. మొదటి శాసనంలో చక్రవర్తి తన వంటింటి లెక్క తానే చెప్పుకున్నాడు. ఒకప్పుడు కూర కోసం రోజూ లక్షల ప్రాణులు చచ్చేవి, ఇప్పుడు మూడే, రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందుముందు ఈ మూడూ ఉండవు అని. ఎనిమిదో శాసనంలో, పూర్వపు రాజులు వేట కోసం విహారయాత్రలకు వెళ్లేవాళ్లు, నేను ధర్మయాత్రలకు వెళతాను అన్నాడు. ఆ "ఒక్క జింక, అదీ రోజూ కాదు" అన్న చోట నాకు నవ్వొస్తుంది. సామ్రాజ్యాన్ని మార్చిన మనిషి కూడా నాలుకను ఒక్కరోజులో మార్చుకోలేకపోయాడు. దాచకుండా రాతి మీద చెక్కించాడు చూడండి, అది గొప్ప.

అశోకుడి మాట ఎవరు విన్నారో గానీ, వేట ఆగలేదు. విజయనగర రాజుల మహర్నవమి దిబ్బ చుట్టూ చెక్కిన రాళ్లలో వేట దృశ్యాలు బారులు తీరి ఉంటాయి. కానీ మన కథకు పనికొచ్చే బొమ్మ హంపిలో లేదు, లేపాక్షిలో ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణ కట్టించిన వీరభద్రాలయం. మండపం కప్పు కింద మెడ పైకెత్తి నిలబడితే కిరాతార్జునీయం కనిపిస్తుంది. రోమాలు నిక్కబొడుచుకున్న అడవిపంది, ఒక పక్క అర్జునుడు, ఇంకో పక్క కిరాతుడి వేషంలో శివుడు. పందికి ఇద్దరి బాణాలూ తగిలాయి. ఇక తగవు మొదలు. ముందు గురి చూసింది నేను అంటాడు కిరాతుడు. నా మీదికి వచ్చిన దాన్ని నేను కొట్టాను అంటాడు అర్జునుడు. వేట పుట్టినప్పటి నుంచీ ఉన్న పంచాయితీ ఇది. దెబ్బ తిన్న జంతువు ఎవరిది? మొదట నెత్తురు చూసినవాడిదా, చివరకు పడగొట్టినవాడిదా? శివుడికీ అర్జునుడికీ ఇది తేలడానికి మల్లయుద్ధం దాకా పోయింది. మామూలు మనుషులకు ఎన్ని తలలు పగిలి ఉంటాయో!

ఆ ఊరి పేరు వెనక కూడా దెబ్బ తిన్న ప్రాణి ఒకటుంది. రావణుడి కత్తికి రెక్కలు తెగిన జటాయువు పడింది ఇక్కడేనని, రాముడు "లే పక్షీ" అన్నాడని స్థలపురాణం. జింక వెంట పోయి సీతను పోగొట్టుకున్న మనిషి, ఆమెను వెతకడం కాసేపు ఆపి, ఒక పక్షికి దహనసంస్కారం చేశాడు.

రాజుల వేట రాతి మీద ఉంది. బోయల వేట ఎక్కువగా మాటల్లోనే మిగిలింది. విల్లు, వల, కుక్క, జాడ పట్టే కన్ను వాళ్ల ఆస్తి. రాయదుర్గం కొండ ఒకప్పుడు బోయ నాయకుల చేతిలో ఉండేది. కాళహస్తి తిన్నడు, మన కన్నప్ప, ఆ జాతివాడే. పంది వెంటపడి పరుగెత్తి దేవుణ్ణి చేరుకున్న మనిషి. బాణం తుపాకిగుండులా ఎముకలు పిండి చేయదు, కోస్తుంది, నెత్తురు కార్చి చంపుతుంది. కాబట్టి విల్లు పట్టినవాడికి జాడ తీయడం రాకపోతే వేటే లేదు.

1800లో ఈ సీమ నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమైంది. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో కొలువుతీరి పాలెగాళ్ల కోరలు పీకాడు. వాళ్లతో పాటు వాళ్ల బంట్ల విళ్లూ కత్తులూ మూలపడ్డాయి. 1878 ఆయుధాల చట్టంతో తుపాకికి లైసెన్సు కావాల్సి వచ్చింది. పంటకాపలాకు ఇచ్చినవీ, ఇవ్వకపోయినా ఉన్నవీ, నాటు తుపాకులు మిగిలాయి. గొట్టంలో మందు దట్టించి, గుళ్లు పోసి, ఒక్కసారి పేల్చాలి. మళ్లీ నింపేలోగా మంద కనుచూపు మేర దాటిపోతుంది. గుళ్లు చెదిరిపోతాయి. ఒకటి పడితే పక్కనున్న రెండింటి ఒంట్లో సీసం ఉండిపోతుంది.

తెల్లదొరలు తమకంటూ ఒక నియమం పెట్టుకున్నారు. గాయపడిన జంతువును వదిలిపెట్టి ఇంటికి రాకూడదని. పులుల వేటకు పేరుపడ్డ జిమ్ కార్బెట్ 1944లో అచ్చయిన తన కుమావూన్ పుస్తకం ముందుమాటలోనే, పులి మనుషుల్ని తినడం మొదలుపెట్టడానికి అజాగ్రత్తగా చేసి వెంటాడకుండా వదిలేసిన గాయం ఒక కారణమని రాశాడు. నియమం మంచిదే. కాకపోతే జింక మనిషిని తినదు. వదిలేస్తే అడిగేదెవరు?

అసలు విధ్వంసం జీపుతో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జీపులు చేతికందాయి. రాత్రిపూట లైటు వేస్తే జింక కదలకుండా నిలబడిపోతుంది. చీకట్లో వెలిగే రెండు కళ్లు తప్ప ఒళ్లు కనిపించదు. జబ్బ ఎక్కడ, డొక్క ఎక్కడ? కళ్ల కిందికి అందాజుగా పేల్చడమే. తగిలింది తీసుకుని, తగిలీ తగలనిదాన్ని చీకట్లో వదిలి, బండి ఇంకో మంద మీదికి పోయేది. తాతల కాలపు వేటగాడు వెతికేవాడు. జీపువాడికి తీరికేది? మనదేశపు మైదానాల్లో కృష్ణజింకా, బట్టమేకపిట్టా తరిగిపోవడంలో ఈ బండికి పెద్ద వాటా ఉంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. పైగా అది మన రాష్ట్ర జంతువు. విచిత్రమేమిటంటే 1930ల్లో అమెరికాలోని టెక్సాస్‌కు, అక్కడి మెట్టభూములకు, మన ఇర్రిని పట్టుకుపోయారు. అక్కడ పెరిగి పెద్ద మందలైంది, డబ్బు కట్టి వేటాడుతున్నారు. వేట సాగే ఇంకో దేశం స్వీడన్‌లో పెద్ద జంతువుల వేటకు పోయేవాడికి, గాయపడినదాని జాడ తీసే కుక్క రెండు గంటల్లోపు రాగలిగేలా ఏర్పాటుండాలి. మన పెద్దలు కూర్చుని ఓపికపట్టింది అక్కడ చట్టమైంది.

మన దగ్గర వేట లేదు గానీ గాయాలున్నాయి. మొలకెత్తిన శనగ, వేరుశనగ మీద మంద పడితే రైతు గుండె ఆగినంత పనవుతుంది. వానలు అంతంతమాత్రంగా పడే జిల్లాలో ఒక్క రాత్రి నష్టం ఏడాది నష్టమే. ఆ కోపాన్ని నేను తప్పు పట్టలేను. కానీ కంచెలో వదిలిన కరెంటు, పందుల కోసమని పెట్టిన ఉచ్చు, ఊరకుక్కలు, గోడలేని బావి, ఇవి పాత నాటు తుపాకి కంటే గుడ్డివి. వేటికీ గురి ఉండదు.

రేపెప్పుడైనా మీ చేలో కాలు విరిగిన జింక కనిపిస్తే, తరిమి పట్టుకోకండి. భయంతో, పెనుగులాటతోనే దాని కండరాలు దెబ్బతిని, పైకి గాయం చిన్నదైనా ప్రాణం పోవచ్చు. మూతి తెరిచి నీళ్లు పోయకండి. అటవీశాఖవాళ్లకు ఫోను చేయండి. అది లేవలేని స్థితిలో ఉంటే, మెల్లగా వెనక నుంచి వెళ్లి కళ్ల మీద తువ్వాలు కప్పి, పిల్లల్నీ కుక్కల్నీ దూరం పంపించండి. చీకటి పడ్డదనుకుని అది కొంచెం నెమ్మదిస్తుంది. వాళ్ల జీపు వచ్చేదాకా గట్టు మీద కూర్చోండి.