చూచినవాడే ఎరిగినవాడు



‘వేదం’ అన్న మాటకు అర్థమేమిటని ఇంగ్లీషు చదువుల పిల్లలు అడిగితే ‘జ్ఞానం’ అని చెప్పి ఊరుకుంటాము. ఆ మాటకు చుట్టమైన క్రియ ఒకటి వారు చదివే ఇంగ్లీషులోనే ఉన్నది. అది ‘విట్’.

నేడు ‘విట్’ అనగానే చమత్కారం, హాస్యం అని తోస్తుంది. పూర్వం అది ‘ఎరుగుట’ అనే అర్థంగల క్రియ. వేయి సంవత్సరాల క్రిందటి ఇంగ్లీషులో ‘నేనెరుగుదును’ అనడానికి ‘వాట్’ అనేవారు. ‘ఏమిటి’ అని ప్రశ్నించే మాట వేరు, ఇది వేరు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులోనూ ఈ క్రియ కనిపిస్తుంది. క్రమంగా మన జ్ఞా ధాతువుకు చుట్టమైన ‘నో’ అనే క్రియ దాని స్థానాన్ని ఆక్రమించింది. దస్తావేజులలో ‘అనగా’ అనే అర్థంలో వాడే ‘టు విట్’, ‘తెలియక’ అనే అర్థంలో వాడే ‘అన్‌విటింగ్లీ’ దాని అవశేషాలు.

మన వ్యాకరణంలో విద్ ధాతువు నాలుగు గణాలలో నాలుగు విధాలుగా ఉన్నది. వేత్తి అనగా ఎరుగును. విద్యతే అనగా ఉండును. విన్తే అనగా విచారించును. విందతి అనగా పొందును. ఈ ‘వేత్తి’కి బదులు ‘వేద’ అనికూడా అనవచ్చునని పాణిని అనుమతించాడు. అక్కడి ప్రత్యయాలు గడచిన కాలాన్ని చెప్పే లిట్టువి. అర్థం మాత్రం వర్తమానం. పాత ఇంగ్లీషు ‘వాట్’ కూడా సరిగా ఇట్టిదే! రూపం భూతకాలం, అర్థం వర్తమానం.

ఎందువలన? ఈ ధాతువుకు మూలార్థం ‘చూచుట’. నేడు ఇంటింటా వినిపించే ‘వీడియో’ అనే మాటకు లాటిన్ భాషలో ‘చూచుచున్నాను’ అని అర్థం. అదీ ఈ కుటుంబానిదే. ‘చూచితిని, కనుక ఎరుగుదును’ అన్నమాట. చూపు గడచిపోయినది, ఎరుక నిలిచినది. మన ఋషులను మంత్రకర్తలనక మంత్రద్రష్టలనడంలోని ఔచిత్యం ఇక్కడ స్ఫురిస్తుంది.

ఇది విని కొందరు ‘ఇంగ్లీషు సంస్కృతంనుండే పుట్టినది’ అని పొంగిపోతారు. అది సరికాదు. 1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్స్ ప్రసంగిస్తూ, సంస్కృత గ్రీకు లాటిన్ భాషలు ఒకే మూలంనుండి వచ్చి ఉండవలెననీ, ఆ మూలభాష ఇప్పుడు లేకపోవచ్చుననీ అన్నాడు. తరువాతి పండితులు ఇంగ్లీషునూ ఆ వంశంలోనే చేర్చారు. కనుక సంస్కృతం, ఇంగ్లీషు తల్లీబిడ్డలు కావు, జ్ఞాతులు. వేదగౌరవానికి అసత్యపు ఆసరా అక్కరలేదు. పిల్లలకు ఒక అబద్ధం చెప్పినామంటే, పిదప చెప్పే నిజాన్నికూడా వారు నమ్మరు.

మన తెలుగు ‘తెలియుట’ ద్రావిడ పదం. ఈ వంశానికి చెందినది కాదు. ‘తెలి’ అంటే నిర్మలం. బురద అడుగున దిగితే నీరు తేరుకొని, లోపలి వస్తువు కనబడుతుంది. చిత్తం తేరుకోవడాన్ని తెలుగు చెప్పినది. అప్పుడు కలిగే చూపును విద్ ధాతువు చెప్పినది. రెండూ కలిస్తేనే జ్ఞానం.

ఇంగ్లీషులో సాక్షిని ‘విట్నెస్’ అంటారు. అదీ ‘విట్’ నుండి వచ్చినదే. సాక్షి అనగా స్వయంగా చూచినవాడని పాణిని నిర్వచనం. ఇతరులు చెప్పగా విన్నవాని సాక్ష్యం న్యాయస్థానంలో సాధారణంగా చెల్లదు. ధర్మవిషయంలోమాత్రం వినికిడితోనే తృప్తిపడవచ్చునా?

కంఠస్థం చేయడం మొదటి మెట్టు; దానిని తక్కువ చేయరాదు. అక్కడనే ఆగిపోరాదు కూడా. అర్థమెరుగక వల్లించేవాడు బరువు మోసే స్తంభం వంటివాడని నిరుక్తం హెచ్చరించినది. నిత్యం మీరు చెప్పుకొనే మంత్రాలలో ఒక్కదానికైనా అర్థాన్ని గురుముఖంగా తెలుసుకొనండి. ప్రశాంతంగా మననం చేయండి. మీ బిడ్డ అర్థమడిగిన నాడు, మీరు చూచినదానిని చెప్పగలుగుతారు.

స్వస్తి.