చర్మం ముక్క చెప్పలేని సంగతి

నల్ల గౌనుల్లో ఉక్కపోతకు ఓర్చుకుంటూ కూర్చున్న యువ వైద్యులారా, వెనక వరుసల్లో మీ అమ్మానాన్నలు మీ పేరు ఎప్పుడు పిలుస్తారా అని మీకంటే ఆత్రంగా చూస్తున్నారు.

నేను పాథాలజిస్టుని. మీరు రేపటి నుంచి మనుషుల్ని చూస్తారు. నేను ముప్ఫై ఏళ్ళుగా మనుషుల నుంచి తీసిన ముక్కల్ని చూస్తున్నాను. ఇలాంటి రోజున సేవ గురించి, త్యాగం గురించి మాట్లాడటం ఆనవాయితీ. వాటి గురించి మీ గురువులు ఐదేళ్ళు చెప్పే ఉంటారు. నేను ఒక్క జబ్బు గురించే మాట్లాడదామని వచ్చాను. చర్మంలో పుట్టే టి-కణ లింఫోమా. అమెరికాలో లెక్కగట్టినప్పుడు పది లక్షల మందిలో ఏడాదికి సుమారు ఆరుగురికి కొత్తగా వస్తోందని తేలింది. అంత అరుదు. మీలో చాలామంది జీవితంలో ఒకటి రెండుసార్లకు మించి చూడరు. ఆ ఒకటి రెండుసార్లు గుర్తుపడతారా లేదా అన్నదే నా దిగులు.

లింఫోమా అనగానే మెడలో గడ్డ, చంకలో గడ్డ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అని చదువుకున్నారు. ఈ జబ్బు అలా రాదు. నడుము మీద ఒక ఎర్రటి పొడగా వస్తుంది. కాస్త పొలుసు, కాస్త దురద. మనిషి పొలానికి వెళ్తాడు, ఆఫీసుకు వెళ్తాడు, తిండి సహిస్తుంది, నిద్ర పడుతుంది. పొడ మాత్రం పోదు. మందుల షాపులో తామర ఆయింట్‌మెంట్ ఇస్తారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది.

తామర మందు రాసినవాళ్ళను నేను తప్పుపట్టలేను. జబ్బు పేరే అలా ఉంది. ఈ లింఫోమాల్లో ఎక్కువగా కనిపించే రకానికి మైకోసిస్ ఫంగాయిడిస్ అని పేరు. ఆ పేరులో రెండుసార్లు శిలీంధ్రం ఉంది, జబ్బులో ఒక్కసారీ లేదు. 1806లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో అలిబెర్ అనే వైద్యుడు ఒక రోగి ఒంటి మీద పుట్టగొడుగుల్లా లేచిన గడ్డలు చూసి వర్ణించాడు. ఆ పోలికే తర్వాత పేరయింది. దాదాపు రెండు వందల ఏళ్ళయినా మనం దాన్ని మార్చలేదు. 1870లో బాజాన్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు దీనికి మూడు దశలుంటాయని చెప్పాడు. ముందు చదునైన పొడ, తర్వాత చేతికి తగిలే మందపాటి మచ్చ, ఆ తర్వాత గడ్డ. అలిబెర్ చూసింది చివరి దశ. మన దగ్గరికి రావలసింది మొదటి దశలో. అందరూ చివరిదాకా వెళ్ళరు. చాలామందిలో పొడలు పొడలుగానే ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. ఒంటి మీద పదో వంతు కంటే తక్కువ మేర పొడలు మాత్రమే ఉన్నవాళ్ళు, అదే వయసున్న మామూలు మనుషులు ఎంతకాలం బతుకుతారో ఇంచుమించు అంతకాలమూ బతుకుతారు. ఆ మాట రోగికి మొదటి రోజే చెప్పండి. క్యాన్సర్ అన్న మాట విన్నాక ఇంకేమీ వాళ్ళ చెవికెక్కదు, అందుకని రెండుసార్లు చెప్పండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. నలభై ఏళ్ళు దాటిన ఒకావిడ చర్మం ముక్క నా దగ్గరికి వచ్చింది. ఫారం మీద "నడుము దగ్గర మచ్చ" అని మాత్రమే ఉంది. చూశాను. "దీర్ఘకాలిక చర్మశోథ, ప్రత్యేక లక్షణాలు లేవు" అని రాసి పంపాను. రెండేళ్ళకు మళ్ళీ ముక్క వచ్చింది. మళ్ళీ అదే రాశాను. మూడోసారి ఆవిడ ఒక యువ డాక్టరు చేతిలో పడింది, పీజీ చేస్తున్న అమ్మాయి. ఆ అమ్మాయి నర్సును పిలిచి, తెర వేసి, "అమ్మా, ఒకసారి ఒళ్ళంతా చూస్తాను, మీరేమీ అనుకోవద్దు" అంది. అంతకుముందు ఎవరూ అలా అడగలేదు. ఆవిడా చూపించలేదు. పిరుదుల మీద, తొడల లోపలి వైపు, రొమ్ముల కింద పొడలు. ఎండ తగలని చోట్ల రావడం ఈ జబ్బు నైజం. చీర చాటున, లుంగీ చాటున ఉంటుంది. చేతులు, ముఖం చూసి పంపేస్తే మనకు దొరకదు.

ఆవిడ అన్నేళ్ళుగా రాసుకుంటున్న ఆయింట్‌మెంట్ ఆ అమ్మాయి మూడు వారాలు ఆపించింది. షాపులో దొరికే ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది కణాల్ని తాత్కాలికంగా పలచబరుస్తుంది, ముక్కలో ఆనవాలు చెరిపేస్తుంది. తర్వాత రెండు చోట్ల నుంచి రెండు ముక్కలు తీసింది. ఫారంలో ఖాళీ చాలక వెనక వైపు కూడా రాసింది: ఎనిమిదేళ్ళుగా ఉన్నాయి, ఎండ తగలని చోట్లే ఉన్నాయి, ఫలానా మందు ఫలానా రోజున ఆపాను, లింఫోమా ఏమో చూడగలరు. ఆ మాటలు చదివి లెన్సులో చూస్తే, చర్మం పైపొర అడుగున లింఫోసైట్లు గోడ వెంట బారులు తీరినట్టు నిలబడి ఉన్నాయి. రెండు ముక్కల్లోనూ ఒకే టి-కణ సంతతి ఉందని జన్యుపరీక్షలో తేలింది. అప్పుడు అలమరాలోంచి పాత స్లైడులు తీయించాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇదే మైకోసిస్ ఫంగాయిడిస్ వేరే వేషాల్లోనూ వస్తుంది. వాటిలో మన నేలకు బాగా సంబంధించినది తెల్లమచ్చల రకం. నల్లని, చామనఛాయ చర్మాల్లో, చిన్న వయసులో, పిల్లల్లో కూడా కనిపిస్తుంది. పాలిపోయిన మచ్చలతో పిల్లవాడు వస్తాడు. మన దేశంలో పాలిపోయిన మచ్చ అనగానే డాక్టరు మనసులో మొదట మెదిలేది కుష్ఠు. మెదలాలి కూడా. దూది చివరతో స్పర్శ చూడండి. స్పర్శ బాగుండి, నరాలు ఉబ్బకుండా ఉండి, మచ్చలు నెలలు గడిచినా అలాగే ఉంటే, బొల్లి అనో కుష్ఠు అనో ముద్ర వేసే ముందు ముక్క తీయండి. ఈ రకం సాధారణంగా మెతకది. లైట్ ట్రీట్‌మెంట్‌కు బాగా లొంగుతుంది. కుష్ఠు అన్న మాట మాత్రం ఇంట్లో పిల్ల పెళ్ళిదాకా వెంటాడుతుంది. అందుకే ఆ పేరు పెట్టేముందు జాగ్రత్త అంటున్నాను.

ఇంకో రకం వెంట్రుకల కుదుళ్ళలో చేరుతుంది. తల, మెడ, కనుబొమల చోట చిన్న చిన్న పొక్కులు, మొటిమల్లాంటివి, మందమెక్కిన చర్మం. కనుబొమలు రాలిపోతాయి. మళ్ళీ కుష్ఠే గుర్తొస్తుంది, చూశారా! కానీ ఇది తెల్లమచ్చల రకంలా మెతకది కాదు. కణాలు లోతుగా కుదుళ్ళ చుట్టూ ఉంటాయి కనుక పైన రాసే మందు, పైన పడే కాంతి అక్కడిదాకా దిగవు. దురద కూడా ఎక్కువ. జబ్బు పేరు ఒకటే, ఉపరకం పేరు వేరు. ఆ ఉపరకం రాయకపోతే చికిత్స తక్కువవుతుంది. ఇవి కాక కాలి మీదో చేతి మీదో ఒకే ఒక్క మచ్చగా ఉండి, కోసి తీసేస్తేనో రేడియేషన్ ఇస్తేనో సరిపోయేది ఒకటుంది. చంకల్లో, గజ్జల్లో చర్మం సంచిలా వేలాడే రకం ఇంకొకటి. ఈ రెండోది నేను చూడలేదు, పుస్తకంలో బొమ్మే చూశాను.

ఈ లింఫోమాల్లోనే సెజారీ అనే జబ్బు సంగతి వేరు. 1938లో సెజారీ అనే ఫ్రెంచి వైద్యుడు, తన సహచరుడు బూవ్రాన్‌తో కలిసి, ఒళ్ళంతా ఎర్రబడి పొలుసులు రాలుతున్న రోగి రక్తంలో వింత కణాలు చూశాడు. 1968లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ కణాల కేంద్రకం మెదడు ముడతల్లా కనిపించింది. ఇక్కడ పొడలుండవు, మనిషంతా ఒకే పొడ. అరచేతులు, అరికాళ్ళు మందమెక్కి చిట్లుతాయి. కనురెప్పలు బయటికి తిరుగుతాయి. దురదకు రాత్రుళ్ళు నిద్ర ఉండదు. ఒంటి వేడి నిలవక, మన ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకుని వణుకుతారు. ఒళ్ళెర్రబడటం సోరియాసిస్‌లోనూ ఉంటుంది, మందు పడకపోయినా వస్తుంది. కాబట్టి రక్తం చూడాలి. సెజారీ రోగుల్లో ఐదేళ్ళు దాటి బతికేవాళ్ళు సగం కంటే తక్కువ.

చాలాకాలం సెజారీని మైకోసిస్ ఫంగాయిడిస్ ముదిరిన రూపమనే అనుకున్నారు. 2010లో వచ్చిన ఒక పరిశోధన వేరే మాట చెప్పింది. మైకోసిస్ ఫంగాయిడిస్ కణాలు చర్మంలోనే కాపురముండే టి-కణాల నుంచి వస్తాయి. సెజారీ కణాలు రక్తానికీ లింఫు గ్రంథులకూ చర్మానికీ మధ్య తిరుగాడే టి-కణాల నుంచి వస్తాయి. మొదటిది ఊళ్ళో ఇల్లు కట్టుకున్నవాడిలాంటిది. తన చోటు విడిచిపెట్టదు, అందుకే పొడలకు గట్లు కనిపిస్తాయి. రెండోది తిరిగేది, అందుకే గట్లు లేవు. ఇది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. రోగి ఒంటి మీద కళ్ళకు కనిపించేదానికి, కణం పుట్టుకకు ఇంత సూటి సంబంధం దొరకడం మా వృత్తిలో అరుదు.

ఇక నన్ను బాగా భయపెట్టే గుంపు. ఒకరోజు ఒక స్లైడు వచ్చింది. పెద్ద పెద్ద కణాలు, విడ్డూరమైన కేంద్రకాలు, సీడీ30 అనే గుర్తు ముదురు రంగులో వెలిగింది. ఫారం మీద "ఎడమ చేయి, గడ్డ, లింఫోమా?" అని మూడు ముక్కలు. అలాంటి కణాలు నాలుగు జబ్బుల్లో కనిపిస్తాయి. మైకోసిస్ ఫంగాయిడిస్ ముదిరి రూపు మారినప్పుడు కనిపిస్తాయి, అది చెడ్డ కబురు. లింఫు గ్రంథుల్లో పుట్టిన పెద్దకణ లింఫోమా చర్మానికి వచ్చినప్పుడు కనిపిస్తాయి, దానికి కీమోథెరపీ కావాలి. చర్మంలోనే పుట్టిన పెద్దకణ లింఫోమాలోనూ కనిపిస్తాయి, అది చాలావరకు ఒక్క గడ్డే, రేడియేషన్‌తోనో కత్తితోనో పోతుంది, పదిమందిలో తొమ్మిదిమంది బాగానే ఉంటారు. నాలుగోది లింఫోమటాయిడ్ పాపులోసిస్. 1968లో మెకాలే వర్ణించాడు. చిన్న ఎర్ర పొక్కులు గుంపుగా లేచి, నడుమ నల్లబడి, కొన్ని వారాల్లో వాటంతటవే మాడిపోతాయి. మళ్ళీ లేస్తాయి. లెన్సు కింద ఘోరంగా ఉంటుంది, మనిషి ప్రాణానికి దాదాపు ముప్పు లేదు. అయితే కొందరికి ఎప్పుడో ఒకప్పుడు వేరే లింఫోమా వస్తుంది కాబట్టి జీవితాంతం చూస్తూ ఉండాలి.

ఆ స్లైడు పంపిన డాక్టరుకు ఫోన్ చేశాను. "గడ్డ ఎన్నాళ్ళ నుంచి డాక్టరు గారూ?" అని అడిగాను. రోగిని మళ్ళీ పిలిచి అడుగుతానన్నారు. మర్నాడు ఆయనే చేశారు. "మేడం, ఆయన ఏడాది నుంచి ఇవి వస్తున్నాయి, పోతున్నాయి అంటున్నాడు. మేం ముక్క తీసిన పొక్కు పక్కనున్నవి అప్పుడే మాడిపోయాయి." స్లైడు మారలేదు. నేను రాయబోయిన రిపోర్టు మాత్రం తలకిందులైంది.

ఆ మనిషికి చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఆ మందు వెనక మనవాడొకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందుల కుటుంబంలోది అది. 1948లో ఆయన పోయారు. భీమవరం చుట్టుపక్కల నుంచి వచ్చిన రోగులకు ఆ చీటీ రాసేటప్పుడు ఆయన పేరు చెప్పే డాక్టర్లను నేనెరుగుదును. మీరూ చెప్పండి.

చికిత్స గురించి ఒక్క ప్రయోగమే చెబుతాను. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో 103 మంది మైకోసిస్ ఫంగాయిడిస్ రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మొదటి నుంచే ఒళ్ళంతా ఎలక్ట్రాన్ కిరణాలు, వాటితోపాటు గట్టి కీమోథెరపీ. రెండో జట్టుకు పైపూత మందులతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి మెట్టు మెట్టుగా పెంచారు. 1989లో ఫలితం ప్రకటించారు. గట్టి మందుల జట్టులో మచ్చలు ఎక్కువమందికి పోయాయి, కానీ వాళ్ళు రెండో జట్టు కంటే ఎక్కువకాలం ఏమీ బతకలేదు, బాధలు మాత్రం ఎక్కువ పడ్డారు. రోగి బంధువులు "ఎంత ఖర్చయినా సరే, గట్టి మందు ఇవ్వండి సార్" అని చేతులు పట్టుకుంటారు. ఆ చేతుల్ని విడిపించుకోకుండా, కూర్చోబెట్టి, ఏ రకమో, ఏ దశో, ఎందుకు తొందర అక్కర్లేదో చెప్పే ఓపిక మీకుండాలని నా కోరిక. సెజారీ అయితే తొందర ఉంది, అప్పుడు ఆ మాటే చెప్పాలి.

రేపు మీరు పంపే ఫారాల్లో నాలుగు వాక్యాలు రాయండి: ఎక్కడుంది, ఎన్నాళ్ళుగా ఉంది, వచ్చిపోతోందా, ఏ మందు పూశారు. ల్యాబులో ఉన్నవాళ్ళం మీ కళ్ళతోనే చూస్తాం.

మొదట చెప్పిన ఆవిడ వారానికి మూడుసార్లు లైట్ ట్రీట్‌మెంట్‌కు వచ్చేది. పొడలు చాలావరకు పోయాయి. ఒకరోజు ఆ పీజీ అమ్మాయిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చి, తన జబ్బు ఎలా ఉంటుందో చూడాలని ఉందంది. ఇద్దరు చూసే మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి, అంచు వెంట నిలబడ్డ ఆ నల్లటి చుక్కల్ని చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత తల ఎత్తకుండానే, "ఇవి మొదటిసారి ముక్క తీసినప్పుడు కూడా ఉన్నాయా అమ్మా?" అని అడిగింది.

పాత స్లైడులు అప్పటికే చూసి ఉన్నాను. మొదటి దాంట్లో ఒక మూలన, ఏడెనిమిది కణాలు.

"ఉన్నాయమ్మా," అన్నాను.