ఎవరి మాటలు ఎవరి బిడ్డకు?

(అమీర్‌పేటలో ఇళ్ళలో పనిచేసే మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మైత్రీవనం దగ్గర ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. ఇంగ్లీషైనా, కంప్యూటర్ భాషైనా డబ్బు కట్టి నేర్చుకోవాలి. మనిషి మొదటి భాషకు మాత్రం ఫీజు లేదు. దానికి కావలసింది తీరిక ఉన్న మనిషి.

పసిపిల్లలకు మాటలు వినబడితే చాలదు, జవాబిచ్చేవాళ్ళుండాలి. బెండకాయలు తరుగుతూ "ఇదేంటి?" అని అడిగి, బిడ్డ "బెం" అనేదాకా ఆగి, "అవును, బెండకాయ, జిగురుగా ఉంది చూడు" అనడం. అంతే. 2018లో అమెరికాలో నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల మీద ఒక పరిశీలన జరిగింది. ఎన్ని మాటలు విన్నారన్న దానికంటే పెద్దలతో ఎన్నిసార్లు మాటకు మాట కలిపారన్న దానికే మెదడులో భాషకు సంబంధించిన భాగం చురుకుదనంతో ఎక్కువ సంబంధం కనిపించింది. ఫోను ఎంత వాగినా బిడ్డ కోసం ఆగదు కదా.

అంతకుముందు అక్కడే 42 కుటుంబాలను చూసి, బీదింటి పిల్లలు నాలుగేళ్ళు వచ్చేసరికి దాదాపు మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని లెక్కగట్టారు. అవ్వ, అక్క, పక్కింటివాళ్ళ మాటలు లెక్కలోకి రాలేదని తర్వాత చాలామంది తప్పుపట్టారు. నా పేచీ వేరు. ఇలాంటి లెక్కలు చూపి తల్లిని తప్పుపడతారు గానీ, ఆమె తీరిక ఎవరు తీసుకున్నారని అడగరు.

నా సంగతే చెప్తాను. పంజాగుట్టలో మేమున్నప్పుడు నా కూతుర్ని పాలమూరు నుంచి వచ్చిన ఒకామె చూసుకునేది. కథలు చెప్పి, కాకిని చూపించి తినిపించేది. నా కూతురు "గట్లనా?" అంటే నేను "అలాగా అనాలి" అని దిద్దేదాన్ని. తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒకరోజు ఆమే అంది: "నీ బిడ్డతోని దినమంత ముచ్చటవెడ్త. నా కొడుకుతోని ‘తిను, పండుకో’, రెండే మాటలమ్మా." ఆ కొడుకును ఎనిమిదేళ్ళ అక్క బడి మాని చూసుకునేది. అంతవరకూ నేను అడగనే లేదు.

మా మాట మోటు, పిల్లలు పాడవుతారని మీలో కొందరంటారు. కాదు. తెలంగాణ తెలుగైనా, లంబాడీ అయినా, ఉర్దూ అయినా మీకు ధారగా వచ్చే భాషలోనే మాట్లాడండి.

కానీ ఎప్పుడు మాట్లాడతారు? 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే 50. మీరేమో ఇంటికి ఒక్కరు! అంగన్‌వాడీలో మూడేళ్ళలోపు బిడ్డకు బాలామృతం ప్యాకెట్ చేతికిస్తారు, బిడ్డ మాత్రం ఇంట్లోనే.

అందుకే అడుగుతున్నాం: బస్తీలోనే, పొద్దున్నే మీరు పనికి బయల్దేరే వేళకు తెరిచే క్రెష్, అందులో బతకగలిగే జీతం ఇచ్చి పెట్టిన మనుషులు, మీకు జీతం కోయని వారపు సెలవు. అర్జీ ఆ బల్ల మీద ఉంది. చదవడం రానివాళ్ళకు నేను చదివి వినిపిస్తాను. తప్పుంటే అక్కడే దిద్దుదాం.